పవన విద్యుత్ కేంద్రాల గ్రిడ్ అనుసంధానంలో రియాక్టివ్ పవర్ ఆవశ్యకత: రాయలసీమ నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

పవన విద్యుత్ కేంద్రం గ్రిడ్‌కు ఎంత విద్యుత్తును అందిస్తున్నదన్నది ఎంత ముఖ్యమో, ఆ ప్రాంతపు వోల్టేజిని నిలబెట్టడానికి అవసరమైన రియాక్టివ్ పవర్‌ను ఏ మేరకు సమకూర్చగలదన్నది కూడా అంతే ముఖ్యం. రియాక్టివ్ పవర్ స్వభావం, పవన యంత్రాల రకాలను బట్టి దాని అవసరం మారే తీరు, మన దేశంలో అమలులో ఉన్న అనుసంధాన ప్రమాణాలు ఈ వ్యాసంలో వివరించబడినవి. 50 మెగావాట్ల నమూనా కేంద్రానికి లెక్క కట్టి, యంత్రం వద్ద 0.95 పవర్ ఫ్యాక్టర్ ఉన్నంత మాత్రాన గ్రిడ్ వద్ద అదే పవర్ ఫ్యాక్టర్ లభించదని చూపబడినది. ఇదే సూత్రం వ్యవసాయ పంపుసెట్ల కెపాసిటర్లకు వర్తించే తీరు, అందులో విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర చర్చించబడినవి.

ముఖ్య పదాలు: పవన విద్యుత్తు, రియాక్టివ్ పవర్, పవర్ ఫ్యాక్టర్, వోల్టేజి నియంత్రణ, పంపుసెట్లు, కెపాసిటర్లు

ఉపోద్ఘాతం

ఆంధ్రప్రదేశ్‌లో పవన విద్యుత్ స్థాపిత సామర్థ్యం 4 వేల మెగావాట్లు దాటింది. ఇందులో అత్యధిక భాగం రాయలసీమ కొండలపైన, మెట్ట భూములలోనే ఉన్నది. 1990లలో రామగిరి ప్రాంతంలో చిన్న యంత్రాలతో మొదలైన ఈ ప్రయత్నం నేడు ఉరవకొండ వంటి చోట్ల 400 కిలోవోల్టుల సబ్‌స్టేషన్ల ద్వారా విద్యుత్తును తరలించే స్థాయికి చేరింది. నైరుతి రుతుపవనాల కాలంలో, ముఖ్యంగా జూన్ నుండి సెప్టెంబరు వరకు, ఉత్పత్తి ఎక్కువగా ఉంటుంది. మిగిలిన నెలలలో అది గణనీయంగా తగ్గుతుంది.

ఇదే ప్రాంతం బోరుబావుల మీద ఆధారపడిన ప్రాంతం కూడా. వేరుశనగ, పండ్ల తోటలు, కూరగాయల సాగుకు నీరందించే పంపుసెట్లు ఇండక్షన్ మోటార్లతో పనిచేస్తాయి. ఈ మోటార్లకు రియాక్టివ్ పవర్ కావాలి. తొలితరం పవన యంత్రాలకు కూడా అదే కావాలి. ఇద్దరూ అడిగేవారే అయి, ఇచ్చేవారు దూరాన ఉన్నప్పుడు వోల్టేజి పడిపోతుంది. ఆ నష్టం చివరకు పొలంలోని మోటారు మీద, అది తోడే నీటి మీద పడుతుంది. అందువలన పవన కేంద్రాల అనుసంధాన నిబంధనలను విద్యుత్ ఇంజనీర్లతో పాటు వ్యవసాయ ఇంజనీరింగ్ విద్యార్థులు, విస్తరణ శాస్త్రవేత్తలు కూడా తెలుసుకొనవలసి ఉన్నది.

రియాక్టివ్ పవర్ స్వభావం

ఏకాంతర విద్యుత్ వ్యవస్థలో ప్రవహించే శక్తిని రెండు భాగాలుగా పరిగణిస్తారు. నీటిని పైకి తోడడం, వెలుగునివ్వడం, వేడి పుట్టించడం వంటి పనులుగా మారే భాగం యాక్టివ్ పవర్. దీనిని కిలోవాట్లలో, మెగావాట్లలో కొలుస్తారు. మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లలో అయస్కాంత క్షేత్రాన్ని నిలపడానికి అవసరమై, మూలానికి, పరికరానికి మధ్య వచ్చిపోతూ ఉండే భాగం రియాక్టివ్ పవర్. దీనిని కిలోవార్లలో, మెగావార్లలో కొలుస్తారు. 50 హెర్ట్జుల వ్యవస్థలో ఈ రాకపోకలు ఒక సెకనుకు 100 సార్లు జరుగుతాయి. సగటున చూస్తే దీని వలన జరిగే పని శూన్యం. అయితే ఇది లేకుండా మోటారు తిరగదు.

పూర్వం కపిల బావుల వద్ద ఎద్దులు దిగువకు నడిచినప్పుడు నీరు పైకి వచ్చేది, అవి వెనుకకు నడిచినప్పుడు బాన ఖాళీగా బావిలోకి దిగేది. వెనుకకు నడిచే నడకలో నీరు రాదు. అయినా ఆ నడక లేనిదే తరువాతి బాన నిండదు, ఎద్దులు నడిచే బాట మాత్రం రెండు నడకలకూ కావాలి. రియాక్టివ్ పవర్ కూడా అటువంటిదే. పనిగా మారకపోయినా తీగలలో, ట్రాన్స్‌ఫార్మర్లలో కరెంటు రూపంలో చోటు ఆక్రమిస్తుంది. ఆ కరెంటు వలన తీగలు వేడెక్కి నష్టం ఏర్పడుతుంది.

యాక్టివ్ పవర్‌కు, మొత్తం వోల్ట్ ఆంపియర్లకు గల నిష్పత్తి పవర్ ఫ్యాక్టర్. అది 1 అయితే రియాక్టివ్ పవర్ లేదని అర్థం. ఉత్పత్తి కేంద్రాల విషయంలో లాగింగ్ పవర్ ఫ్యాక్టర్ అంటే కేంద్రం గ్రిడ్‌కు రియాక్టివ్ పవర్‌ను ఇస్తున్నదని, లీడింగ్ అంటే గ్రిడ్ నుండి తీసుకొంటున్నదని గ్రహించాలి. వినియోగదారుని విషయంలో ఈ అర్థం తారుమారవుతుంది. లాగింగ్ పవర్ ఫ్యాక్టర్ గల మోటారు రియాక్టివ్ పవర్‌ను తీసుకొంటుంది. విద్యార్థులు తరచుగా ఇక్కడే తడబడతారు.

వోల్టేజితో దీనికి గల సంబంధం అత్యంత ముఖ్యమైనది. ఒక లైను పొడవునా వోల్టేజిలో వచ్చే మార్పు రెండు లబ్ధాల మొత్తం మీద ఆధారపడుతుంది. మొదటిది లైను నిరోధం, యాక్టివ్ పవర్‌ల లబ్ధం. రెండవది లైను రియాక్టెన్స్, రియాక్టివ్ పవర్‌ల లబ్ధం. 220, 400 కిలోవోల్టుల లైన్లలో నిరోధం కంటే రియాక్టెన్స్ అనేక రెట్లు అధికం. కనుక అక్కడ వోల్టేజిని ప్రధానంగా శాసించేది రియాక్టివ్ పవరే. ఈ కారణంగానే దానిని దూరం నుండి రప్పించడం లాభదాయకం కాదు. దారిలోనే వోల్టేజి తగ్గుతుంది, లైను రియాక్టెన్స్ దానిలో కొంత భాగాన్ని మింగివేస్తుంది. అవసరమైన చోటనే సమకూర్చుకోవడం రియాక్టివ్ పవర్ విషయంలో మొదటి సూత్రం.

పవన యంత్రాల రకాలు – రియాక్టివ్ పవర్ అవసరం

పవన యంత్రాలను విద్యుత్ నిర్మాణాన్ని బట్టి నాలుగు రకాలుగా వర్గీకరిస్తారు.

మొదటి రకం యంత్రాలలో స్క్విరల్ కేజ్ ఇండక్షన్ జనరేటర్ నేరుగా గ్రిడ్‌కు కలుపబడుతుంది. దీని వేగం దాదాపు స్థిరం. పంపుసెట్టు మోటారును సమకాలిక వేగం కంటే కొద్దిగా ఎక్కువ వేగంతో తిప్పితే అది జనరేటరుగా మారుతుంది. ఈ యంత్రం అటువంటిదే. మెగావాట్లను గ్రిడ్‌కు ఇస్తుంది గాని, తన అయస్కాంత క్షేత్రానికి అవసరమైన రియాక్టివ్ పవర్‌ను ఎల్లప్పుడూ గ్రిడ్ నుండే తీసుకొంటుంది. అందువలన వీటి వద్ద కెపాసిటర్ బ్యాంకులను అమర్చుతారు. రెండవ రకంలో రోటరుకు నియంత్రిత నిరోధాన్ని చేర్చడం వలన వేగం కొంత మేర మారగలదు. రియాక్టివ్ పవర్ విషయంలో మాత్రం ఇది మొదటి రకాన్నే పోలి ఉంటుంది.

మూడవ రకం డబ్లీ ఫెడ్ ఇండక్షన్ జనరేటర్. ఇందులో స్టేటరు నేరుగా గ్రిడ్‌కు, రోటరు ఒక పవర్ ఎలక్ట్రానిక్ కన్వర్టర్ ద్వారా గ్రిడ్‌కు కలుపబడతాయి. కన్వర్టర్ సామర్థ్యం యంత్ర సామర్థ్యంలో సుమారు 30 శాతం మాత్రమే ఉంటుంది. అయినప్పటికీ రోటరు కరెంటును నియంత్రించి రియాక్టివ్ పవర్‌ను ఇవ్వడానికీ, తీసుకోవడానికీ వీలుంటుంది. నాలుగవ రకంలో యంత్రం ఉత్పత్తి చేసే మొత్తం విద్యుత్తు కన్వర్టర్ ద్వారానే గ్రిడ్‌కు చేరుతుంది. తగిన విధంగా రూపొందించినట్లయితే ఈ రకపు యంత్రం గాలి వీచని వేళలో కూడా రియాక్టివ్ పవర్‌ను సమకూర్చగలదు.

కెపాసిటర్ బ్యాంకులతో ఒక ప్రమాదం కూడా ఉన్నది. మొదటి రకపు యంత్రం నడుస్తుండగా లైను గ్రిడ్ నుండి తెగిపోయి, కెపాసిటర్లు యంత్రానికే అంటిపెట్టుకొని ఉన్నట్లయితే, యంత్రానికి అవసరమైన అయస్కాంతీకరణ కరెంటు కెపాసిటర్ల నుండే లభిస్తుంది. దీనిని స్వీయ ఉత్తేజనం అంటారు. అప్పుడు వోల్టేజి అదుపు తప్పి పెరిగే అవకాశం ఉంటుంది. అందుచేత యంత్రం వద్ద ఉంచే కెపాసిటర్లను శూన్యభారపు అవసరానికి మించకుండా పరిమితం చేస్తారు.

అనుసంధాన ప్రమాణాలు

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2007లో గ్రిడ్ అనుసంధానానికి సాంకేతిక ప్రమాణాల నిబంధనలను వెలువరించింది. పవన, సౌర విద్యుత్ కేంద్రాలకు ప్రత్యేకించిన అంశాలు 2013 సవరణ ద్వారా చేరాయి. 2019లో మరికొన్ని సవరణలు వచ్చాయి. వీటిలో రియాక్టివ్ పవర్‌కు సంబంధించిన ముఖ్యాంశాలు ఇవి:

1. 2014 ఏప్రిల్ 15 నుండి అనుసంధానమయ్యే పవన కేంద్రం 0.95 లాగింగ్ నుండి 0.95 లీడింగ్ వరకు పవర్ ఫ్యాక్టర్‌ను నిలుపగలిగేలా, అవసరాన్ని బట్టి మారుతూ ఉండే రియాక్టివ్ పవర్‌ను సమకూర్చగలగాలి.

2. 66 కిలోవోల్టులు, అంతకు మించిన స్థాయిలో అనుసంధానమైన కేంద్రాలు గ్రిడ్‌లో లోపం ఏర్పడి వోల్టేజి 15 శాతానికి పడిపోయినా 300 మిల్లీ సెకన్ల వరకు గ్రిడ్‌ను విడిచిపోకూడదు. వోల్టేజి 3 సెకన్లలో 85 శాతానికి కోలుకొనే క్రమంలో అవి అనుసంధానమై ఉండాలి.

3. ఆ స్వల్పకాలంలో యంత్రాలు మిగిలి ఉన్న వోల్టేజికి అనుగుణంగా యాక్టివ్ పవర్‌ను ఇస్తూ, సాధ్యమైనంత ఎక్కువ రియాక్టివ్ కరెంటును అందించాలి.

అమెరికాలో ఫెడరల్ ఎనర్జీ రెగ్యులేటరీ కమిషన్ 2005లో పవన కేంద్రాలకు ఇటువంటి నియమాన్నే విధించినా, అధ్యయనంలో అవసరమని తేలితేనే అది వర్తించేది. 2016లో వెలువడిన 827వ ఉత్తర్వు ద్వారా కొత్తగా అనుసంధానమయ్యే పవన కేంద్రాలన్నింటికీ అది తప్పనిసరి అయినది. కేంద్రపు సబ్‌స్టేషన్‌లోని ట్రాన్స్‌ఫార్మర్ అధిక వోల్టేజి వైపున ఈ సామర్థ్యం లభించాలని ఆ ఉత్తర్వు నిర్దేశించింది. కొలిచే స్థానానికి ఇంత ప్రాధాన్యం ఎందుకన్నది కింది లెక్క వలన తెలుస్తుంది.

కొలిచే స్థానం: ఒక నమూనా లెక్క

2 మెగావాట్ల యంత్రాలు 25 గల 50 మెగావాట్ల కేంద్రాన్ని నమూనాగా తీసుకొందాము. ప్రతి యంత్రానికి 2.5 మెగావోల్ట్ ఆంపియర్ల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది. దాని ఇంపీడెన్స్ 6 శాతం. ఇవన్నీ 33 కిలోవోల్టుల బస్‌కు చేరి, అక్కడి నుండి 63 మెగావోల్ట్ ఆంపియర్ల సామర్థ్యం, 12 శాతం ఇంపీడెన్స్ గల ప్రధాన ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా 220 కిలోవోల్టుల గ్రిడ్‌కు కలుస్తాయి. 33 కిలోవోల్టుల లైన్ల ప్రభావాన్ని, ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంతీకరణ కరెంటును సౌలభ్యం కొరకు విడిచిపెట్టడమైనది.

50 మెగావాట్ల వద్ద 0.95 పవర్ ఫ్యాక్టర్ అంటే 16.4 మెగావార్లు. ట్రాన్స్‌ఫార్మర్ వినియోగించే రియాక్టివ్ పవర్ దాని గుండా పోయే మెగావోల్ట్ ఆంపియర్ల వర్గానికి అనులోమంగా ఉంటుంది. ఈ ప్రాతిపదికపై రెండు సందర్భాల ఫలితాలు కింది పట్టికలో ఇవ్వబడినవి.

పట్టిక: పూర్తి ఉత్పత్తి వేళ రియాక్టివ్ పవర్ లెక్క (మెగావార్లలో)

| అంశం | యంత్రం వద్ద 0.95 ఉన్నప్పుడు | గ్రిడ్ వద్ద 0.95 కావాలన్నప్పుడు |
|---|---|---|
| యంత్రాలు ఇచ్చేది | 16.4 | 24.6 |
| యంత్రాల ట్రాన్స్‌ఫార్మర్లలో వినియోగం | 2.7 | 2.9 |
| 33 కిలోవోల్టుల బస్ వద్ద మిగిలేది | 13.8 | 21.7 |
| ప్రధాన ట్రాన్స్‌ఫార్మర్‌లో వినియోగం | 5.1 | 5.3 |
| 220 కిలోవోల్టుల గ్రిడ్‌కు చేరేది | 8.7 | 16.4 |
| గ్రిడ్ వద్ద పవర్ ఫ్యాక్టర్ | 0.985 | 0.95 |

(దశాంశాల సవరణ వలన కూడికలలో 0.1 వరకు తేడా ఉండవచ్చును.)

యంత్రాలు తమ వంతు 16.4 మెగావార్లను పూర్తిగా ఇచ్చినప్పటికీ, దాదాపు సగం కేంద్రం లోపలి ట్రాన్స్‌ఫార్మర్లలోనే ఖర్చయి, గ్రిడ్‌కు 8.7 మెగావార్లు మాత్రమే చేరుతున్నాయి. గ్రిడ్ వద్ద 0.95 కావాలంటే యంత్రాలు సుమారు 0.90 పవర్ ఫ్యాక్టర్‌తో పనిచేయగలగాలి. లేని పక్షంలో 33 కిలోవోల్టుల బస్ వద్ద సుమారు 8 మెగావార్ల అదనపు ఏర్పాటు అవసరం. యంత్ర తయారీదారు పత్రంలోని 0.95 అంకెను చూచి కేంద్రం నిబంధనకు అనుగుణంగా ఉన్నదని నిర్ధారించడం సరికాదని ఈ లెక్క స్పష్టం చేస్తున్నది.

రియాక్టివ్ పవర్‌ను తీసుకొనే సందర్భంలో పరిస్థితి తలకిందులవుతుంది. యంత్రాలు 16.4 మెగావార్లు తీసుకొంటే, ట్రాన్స్‌ఫార్మర్ల వినియోగం దానికి తోడై గ్రిడ్ నుండి సుమారు 24.5 మెగావార్లు లాగబడతాయి. అప్పుడు గ్రిడ్ వద్ద పవర్ ఫ్యాక్టర్ 0.90కి దిగజారుతుంది. అంటే ఇచ్చే వైపు యంత్రాల సామర్థ్యం చాలదు. తీసుకొనే వైపు దానిని అదుపులో ఉంచవలసి వస్తుంది.

మారుతూ ఉండే అవసరం

లోటును ఎంత పూరించాలన్నదానితో పాటు, దేనితో పూరించాలన్నది కూడా ముఖ్యమే. కెపాసిటర్ బ్యాంకు చౌకైనది. అయితే అది ఇచ్చే రియాక్టివ్ పవర్ వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. వోల్టేజి 10 శాతం పడిపోతే కెపాసిటర్ ఇచ్చేది 19 శాతం తగ్గుతుంది. అవసరం ఎక్కువైన క్షణంలోనే దాని సాయం తగ్గిపోతుందన్నమాట. పైగా దానిని అంచెలంచెలుగా మాత్రమే కలపడం, తీసివేయడం సాధ్యం. ఒకసారి తీసివేసిన కెపాసిటర్‌లోని విద్యుదావేశం తగ్గే వరకు తిరిగి కలుపరాదు. గాలి క్షణక్షణం మారే చోట ఈ పరిమితి పెద్దది.

స్టాట్‌కామ్ అనే పవర్ ఎలక్ట్రానిక్ పరికరం తక్కువ వోల్టేజిలో కూడా తన పూర్తి కరెంటును ఇవ్వగలదు. అందువలన దాని రియాక్టివ్ పవర్ వోల్టేజికి అనులోమంగా మాత్రమే తగ్గుతుంది. అది మిల్లీ సెకన్లలో స్పందిస్తుంది, ఇవ్వడం నుండి తీసుకోవడానికి నిరంతరాయంగా మారగలదు. దీని ధర ఎక్కువ. ఆచరణలో నిలకడగా ఉండే అవసరానికి కెపాసిటర్లు, మారుతూ ఉండే అవసరానికి యంత్రాల కన్వర్టర్లు లేదా స్టాట్‌కామ్ అన్న కలయిక సముచితంగా ఉంటుంది. నిబంధనలో మారుతూ ఉండే రియాక్టివ్ పవర్ అని ప్రత్యేకించి చెప్పడంలోని ఉద్దేశం ఇదే.

గాలి తక్కువగా ఉన్నప్పుడు సమస్య మరొక రూపం దాల్చుతుంది. అధిక వోల్టేజి లైను స్వయంగా ఒక కెపాసిటర్ వలె ప్రవర్తిస్తుంది. 100 కిలోమీటర్ల 220 కిలోవోల్టుల లైను సుమారు 13 మెగావార్లను, జంట వాహకాలు గల 400 కిలోవోల్టుల లైను సుమారు 55 మెగావార్లను ఉత్పత్తి చేస్తాయి. భారం తక్కువైనప్పుడు ఇదంతా మిగిలిపోయి వోల్టేజి పెరుగుతుంది. 220 కిలోవోల్టుల వ్యవస్థలో వోల్టేజి 198 నుండి 245 కిలోవోల్టుల మధ్య, 400 కిలోవోల్టుల వ్యవస్థలో 380 నుండి 420 కిలోవోల్టుల మధ్య ఉండాలి. పై హద్దు దాటకుండా రియాక్టర్లను కలుపుతారు. గాలి కాలం కోసం నిర్మించిన లైన్లు మిగిలిన నెలలలో దాదాపు ఖాళీగా ఉండే రాయలసీమ వంటి ప్రాంతాలకు ఇది ముఖ్యమైన అంశం. యంత్రాలు ఆగినప్పుడు వాటి కన్వర్టర్లు కూడా ఆగిపోతే, ఆ సమయంలో కేంద్రం నుండి ఏ సాయమూ అందదు.

నియంత్రణ విధానం కూడా ఫలితాన్ని నిర్ణయిస్తుంది. పవర్ ఫ్యాక్టర్‌ను స్థిరంగా ఉంచే విధానంలో గాలి పెరిగితే రియాక్టివ్ పవర్ పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. గ్రిడ్ వోల్టేజి ఎలా ఉన్నదన్నది ఆ విధానం పట్టించుకోదు. వోల్టేజి ఆధారిత విధానంలో కేంద్ర నియంత్రిక అనుసంధాన స్థానపు వోల్టేజిని కొలిచి, అది తగ్గితే రియాక్టివ్ పవర్‌ను ఇవ్వవలసిందిగా, పెరిగితే తీసుకోవలసిందిగా యంత్రాలకు ఆదేశాలిస్తుంది. గ్రిడ్ దృష్టిలో రెండవదే ఉపయుక్తమైనది.

అమరిక లోపం తెచ్చిన అనర్థం

సామర్థ్యం ఉన్నా నియంత్రణ సరిగా లేకపోతే ఏమవుతుందో 2019 ఆగస్టు 9న బ్రిటన్‌లో వెల్లడైనది. ఆ సాయంత్రం 4 గంటల 52 నిమిషాలకు ఒక ప్రసార లైనుపై పిడుగు పడింది. లైను రక్షణ వ్యవస్థ యథావిధిగా పనిచేసి, లోపాన్ని తొలగించింది. వోల్టేజి క్షణకాలం మాత్రమే తగ్గింది. కాని హార్న్‌సీ-1 సముద్ర పవన కేంద్రంలోని వోల్టేజి నియంత్రణ వ్యవస్థ ఆ మార్పుకు స్పందిస్తూ స్థిరత్వం కోల్పోయింది. రియాక్టివ్ పవర్ ఊగిసలాటకు లోనై, రక్షణ వ్యవస్థలు యంత్రాలను ఆపివేశాయి. 799 మెగావాట్ల ఉత్పత్తి కొద్ది క్షణాలలో 62 మెగావాట్లకు పడిపోయింది. ఒక గ్యాస్ విద్యుత్ కేంద్రం కూడా అదే సమయంలో ఆగిపోవడంతో గ్రిడ్ పౌనఃపున్యం 48.8 హెర్ట్జులకు దిగి, 10 లక్షలకు పైగా వినియోగదారులకు సరఫరా నిలిచిపోయింది.

ఈ సంఘటనలో మెగావార్ల కొరత లేదు. కొరవడినది వాటిని నియంత్రించే అమరికలో తగినంత స్థిరత్వం. అందువలన అనుసంధానానికి ముందు జరిపే పరీక్షలలో స్థిరస్థితి లెక్కలతో పాటు, లోపం ఏర్పడిన వేళ కేంద్రం ప్రవర్తనను కంప్యూటర్ నమూనాల ద్వారా పరిశీలించడం, ఆ నమూనా వాస్తవ యంత్రానికి సరిపోలుతున్నదని నిర్ధారించడం తప్పనిసరి.

పొలం చివర పరిస్థితి

గ్రిడ్ స్థాయిలో చెప్పుకున్న సూత్రమే పంపుసెట్టు వద్ద కూడా వర్తిస్తుంది. ఇండక్షన్ మోటారు టార్క్ వోల్టేజి వర్గానికి అనులోమంగా ఉంటుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే టార్క్ 19 శాతం తగ్గుతుంది. మోటారు అదే భారాన్ని లాగడానికి ఎక్కువ కరెంటు తీసుకొంటుంది, వైండింగు వేడెక్కుతుంది. అనేక మోటార్లు ఒకేసారి ఎక్కువ కరెంటు తీసుకొంటే వోల్టేజి ఇంకా తగ్గుతుంది. కాలిపోయిన మోటారును బోరు నుండి పైకి తీసి, రీవైండింగు చేయించి, తిరిగి దించే లోపల కీలక దశలో ఉన్న పంట ఎండిపోవచ్చును.

5 హార్స్ పవర్ మోటారును ఉదాహరణగా తీసుకొందాము. దక్షత 80 శాతం, పవర్ ఫ్యాక్టర్ 0.75 అనుకొంటే అది 4.66 కిలోవాట్ల యాక్టివ్ పవర్‌ను, 4.1 కిలోవార్ల రియాక్టివ్ పవర్‌ను తీసుకొంటుంది. 415 వోల్టుల వద్ద కరెంటు 8.6 ఆంపియర్లు. 2 కిలోవార్ల కెపాసిటర్‌ను కలిపితే లైను నుండి తీసుకొనే రియాక్టివ్ పవర్ 2.1 కిలోవార్లకు, కరెంటు 7.1 ఆంపియర్లకు తగ్గుతాయి. పవర్ ఫ్యాక్టర్ 0.91 అవుతుంది. తీగలలో నష్టం కరెంటు వర్గానికి అనులోమం కనుక, ఈ మోటారు కరెంటు వలన కలిగే నష్టం సుమారు 32 శాతం తగ్గుతుంది.

పై నమూనా పవన కేంద్రానికి కావలసిన 8 మెగావార్ల అదనపు ఏర్పాటు ఇటువంటి 4,000 కెపాసిటర్ల మొత్తానికి సమానం. అయితే ఒకటి రెండవదానికి ప్రత్యామ్నాయం కాదు. పవన కేంద్రం 220 కిలోవోల్టుల బస్ వద్ద ఇచ్చే మెగావార్లు 11 కిలోవోల్టుల ఫీడరు చివరనున్న మోటారుకు చేరే లోపల అనేక లైన్లను, ట్రాన్స్‌ఫార్మర్లను దాటవలసి ఉంటుంది. అలాగే పంపుసెట్ల కెపాసిటర్లు గ్రిడ్‌లో లోపం ఏర్పడిన క్షణంలో పవన కేంద్రానికి అండగా నిలువలేవు. ప్రతి ఒక్కరూ తమ అవసరాన్ని తమ చోటనే తీర్చుకొన్నప్పుడు మాత్రమే మధ్యనున్న లైను తేలిక పడుతుంది.

విస్తరణ సిబ్బందికి సూచనలు

ఆంధ్రప్రదేశ్‌లో 2004 తరువాత ఉచిత వ్యవసాయ విద్యుత్ విధానంలో భాగంగా పంపుసెట్లకు కెపాసిటర్లు, ఐఎస్ఐ ముద్ర గల మోటార్లు, ఘర్షణ తక్కువగా ఉండే ఫుట్ వాల్వులు, తగిన ప్లాస్టిక్ పైపులు అమర్చుకోవాలని నిర్దేశించబడినది. వీటిలో కెపాసిటరు ప్రయోజనం రైతుకు కంటికి కనిపించదు. నీరు అప్పటికప్పుడు పెరగదు, మీటరు బిల్లు తగ్గదు. ఒక్కరే అమర్చుకొంటే ఫీడరు వోల్టేజిలో తేడా స్వల్పం. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న రైతులందరూ కలిసి అమర్చుకొన్నప్పుడే ఫలితం తెలుస్తుంది. అందుచేత ఈ విషయంలో వ్యక్తిగత సలహా కంటే సామూహిక అవగాహన ఎక్కువ ఫలప్రదం.

• 3 హార్స్ పవర్ మోటారుకు 1, 5 హార్స్ పవర్‌కు 2, 7.5 హార్స్ పవర్‌కు 3, 10 హార్స్ పవర్‌కు 4 కిలోవార్ల కెపాసిటరును ఎంచుకోవాలి.

• కెపాసిటరును స్టార్టరు తరువాత, మోటారు వైపున కలపాలి. అప్పుడు మోటారు ఆగిన వెంటనే అది కూడా లైను నుండి వేరవుతుంది.

• అవసరానికి మించిన కెపాసిటరును అమర్చరాదు. దాని కరెంటు మోటారు శూన్యభార కరెంటులో 90 శాతం దాటితే, పవన యంత్రాల విషయంలో చెప్పిన స్వీయ ఉత్తేజనం ఇక్కడ కూడా సంభవించవచ్చును.

• స్టార్-డెల్టా స్టార్టరు ఉన్న చోట కెపాసిటరును కలిపే స్థానాన్ని విద్యుత్ సిబ్బందితో నిర్ణయింపజేయాలి.

• ఉబ్బిన, కారుతున్న కెపాసిటర్లను వెంటనే మార్పించాలి. సరఫరా ఆపిన తరువాత కూడా అందులో విద్యుదావేశం ఉంటుంది గనుక నేరుగా తాకరాదు.

• తరచుగా మోటార్లు కాలిపోతున్న ఫీడర్లలో వేర్వేరు వేళల వోల్టేజిని నమోదు చేసి, ఆ వివరాలను పంపిణీ సంస్థ ఇంజనీర్లకు అందజేయాలి. గాలి కాలంలోనూ, గాలి లేని కాలంలోనూ విడివిడిగా నమోదు చేస్తే సమస్య మూలాన్ని గుర్తించడం సులభమవుతుంది.

ముగింపు

పవన విద్యుత్ కేంద్రాన్ని మెగావాట్లతో మాత్రమే అంచనా వేయడం అసంపూర్ణం. అది అనుసంధాన స్థానం వద్ద ఎన్ని మెగావార్లను, ఎంత త్వరగా, ఎంత స్థిరంగా ఇవ్వగలదు, తీసుకొనగలదు అన్నది కూడా పరిశీలించాలి. యంత్రం వద్ద గల 0.95 పవర్ ఫ్యాక్టర్‌కు, గ్రిడ్ వద్ద కావలసిన 0.95కు మధ్య తేడా 50 మెగావాట్ల కేంద్రంలోనే సుమారు 8 మెగావార్లు ఉండగలదు. ఈ తేడాను రూపకల్పన దశలోనే గుర్తించి, కేంద్రం లోపలనే పూరించాలి. అలా పూరించని మెగావార్ల భారం గ్రిడ్ మీదకు, అక్కడి నుండి వోల్టేజి రూపంలో పల్లె ఫీడర్ల మీదకు బదిలీ అవుతుంది. గాలిని, బోరు నీటిని ఒకే నేలపై వాడుకొంటున్న రాయలసీమలో కొండ మీది యంత్రానికీ, పొలంలోని మోటారుకూ వర్తించే నియమం ఒక్కటే: రియాక్టివ్ పవర్‌ను అవసరమైన చోటనే సమకూర్చుకోవాలి.